నడుముకు పెట్టుకునే వైర్‌లెస్ మైక్ కొంటున్నారా? రెండో యాంటెన్నా నిజమైనదేనా చూసుకోండి

నేను వ్యాయామం క్లాసులు చెబుతాను. అరిచి అరిచి గొంతు పోతోందని ఒక వైర్‌లెస్ మైక్ సెట్ కొన్నాను. నడుముకు తగిలించుకునే బాడీప్యాక్ ట్రాన్స్‌మిటర్, దానికి గుచ్చే హెడ్‌సెట్ మైక్, స్పీకర్‌కి కలిపే రిసీవర్. రిసీవర్‌కి కుందేలు చెవుల్లా రెండు యాంటెన్నాలు. పెట్టె మీద ‘డైవర్సిటీ’ అని పెద్దక్షరాలు, అంటే రెండు యాంటెన్నాల్లో బాగా అందేదాన్ని వాడుకునే పద్ధతి. వచ్చిన రోజు రాత్రి టేబుల్ మీద పెట్టి "హలో, మైక్ టెస్టింగ్" అని చూశాను. శుభ్రంగా వినిపించింది. అమ్మినవాళ్లకు అప్పుడే అయిదు స్టార్లు కూడా ఇచ్చేశాను, నా ఖర్మ.

మర్నాడు క్లాసులో మొదలైంది. స్పీకరూ రిసీవరూ హాలు వెనక గోడ దగ్గరున్నాయి. నేను అందరి వైపూ తిరిగి మాట్లాడుతుంటే మాట మధ్యలో టప్పున తెగిపోతుంది, బుస్సుమంటుంది, మళ్లీ వస్తుంది. వెనక నుంచి భంగిమ చూపిద్దామని అటు తిరిగితే మాత్రం గంట కొట్టినట్టు వినిపిస్తుంది. "మాకు వీపు పెట్టే చెప్పేయండి మేడమ్" అని ఒకావిడ నవ్వేసింది.

కారణం తర్వాత అర్థమైంది. ప్యాక్ నా వీపు వైపు, నడుము దగ్గర ఉంది. ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కదా, ఆ నీళ్లు రేడియో తరంగాలను పీల్చేసుకుంటాయి. నేను క్లాసు వైపు తిరిగినప్పుడు ప్యాక్‌కీ రిసీవర్‌కీ మధ్య నేనే గోడనైపోయాను. పెట్టె మీద రాసే మీటర్ల లెక్క మధ్యలో మనిషీ గోడా ఏమీ అడ్డం లేనప్పటిది. టేబుల్ మీద టెస్ట్ చేస్తే ఇదేదీ బయటపడదు.

నా తప్పూ కొంత ఉంది, దాచుకోను. ప్యాక్ కింద వేలాడే సన్నటి వైరు అందంగా లేదని చుట్ట చుట్టి పౌచ్‌లో దోపాను. ఆ వైరే యాంటెన్నా. 600 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, దాంట్లో నాలుగో వంతు అంటే 12.5 సెంటీమీటర్లు. వైరు పొడవు ఆ లెక్కతోనే పెడతారు. దాన్ని చుట్టినా, మడిచినా, చెమట పట్టిన ఒంటికి అతుక్కునేలా పెట్టినా పని పాడవుతుంది. వైరు తిన్నగా వదిలాక కొంత మెరుగైంది గానీ పూర్తిగా నయం కాలేదు. హాల్లో ఒకచోట నిలబడితే మాట పోతుంది, అరడుగు పక్కకు జరిగితే వస్తుంది.

ఇలా పోకుండా ఉండడానికే రెండు యాంటెన్నాలు పెడతారు. ప్యాక్ నుంచి వెళ్లే తరంగాలు నేరుగా కొన్ని, గోడలకు తగిలి కొన్ని రిసీవర్‌ని చేరతాయి. కొన్నిచోట్ల అవి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఒక యాంటెన్నా దగ్గర అలా అయినా రెండో దాని దగ్గర అదే క్షణంలో అవ్వడం అరుదు కాబట్టి, బాగా అందే దాన్ని రిసీవర్ తనే ఎంచుకుంటుంది. మరి నా సెట్‌లో ఎందుకు పోతోంది? అనుమానం ఆగక రిసీవర్ వెనక నాలుగు స్క్రూలు విప్పాను. ఎడమ యాంటెన్నా నుంచి బోర్డుకి ఒక వైరు వచ్చింది. కుడి దానికి ఏమీ లేదు. ప్లాస్టిక్ డొప్పలో ఒక మరతో బిగించి వదిలేశారు. చూపుకే చెవి!

ఫోటోలు తీసి పంపితే, "మీరు విప్పారు కాబట్టి వారంటీ లేదు, రిటర్న్ కుదరదు" అన్నారు. దాని కిందే "వాడకం తెలియక వచ్చే సమస్యలకు మేం బాధ్యులం కాము" అని ఇంకో లైను. అందుకే చెబుతున్నా, స్క్రూడ్రైవర్ జోలికి వెళ్లకండి. రిసీవర్ ముందు వైపు ఎ, బి అని ఒక్కో యాంటెన్నాకి ఒక్కో లైటు ఉందేమో చూడండి. ప్యాక్ పెట్టుకుని గదంతా తిరుగుతుంటే వెలుగు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుండాలి. యాంటెన్నాలు ఊడివచ్చే రకమైతే ఒక్కొక్కటీ తీసి దూరంగా నడిచి చూడండి. ఏది తీసినా కొంత తేడా రావాలి. ఒకటి తీస్తే చీమ కుట్టినట్టయినా లేదంటే అది బొమ్మే. ఇదంతా వీడియో తీస్తే రిటర్న్ అడిగేటప్పుడు చేతిలో సాక్ష్యం ఉంటుంది.

నా టెస్ట్‌లో ఇంకో లోపం గొంతు. టేబుల్ దగ్గర నెమ్మదిగా హలో అన్నాను, క్లాసులో "ఇంకో నాలుగు, ఆపొద్దు!" అని అరుస్తాను. అరిచిన ప్రతిసారీ బరబర. స్పీకర్ తగ్గించాను, రిసీవర్ తగ్గించాను, అదే బరబర చిన్నగా వినిపించింది తప్ప పోలేదు. ఎందుకంటే మాట ప్యాక్‌లోనే చితికిపోతోంది. గెయిన్, అంటే మైక్ నుంచి వచ్చే మాటను ప్యాక్ ఎంత పెంచాలో సర్దే బుల్లి మర, బ్యాటరీ మూత లోపల ఉందని మూడో రోజు కనిపెట్టాను. మీరు ఎంత గట్టిగా మాట్లాడతారో అంత గట్టిగా మాట్లాడుతూనే దాన్ని సర్దండి.

చెమట సంగతి. మైక్ వైరు మెడ వెనక నుంచి దిగి తిన్నగా ప్యాక్ జాక్‌లోకి వెళ్తే చెమట బొట్టు కూడా దాని వెంటే జారి లోపలికి పోతుంది. వైరుని జాక్ కన్నా కిందికి ఒక మలుపు తిప్పి మళ్లీ పైకి తెచ్చి గుచ్చితే బొట్టు ఆ మలుపు దగ్గరే రాలిపోతుంది. ఆ మలుపుని టేపుతో ప్యాక్‌కి అంటిస్తే, వంగినప్పుడు ప్యాక్ ఊడినా బరువంతా పిన్ను మీద పడదు. నాది ఒకసారి ఊడి మైక్ వైరుకే వేలాడింది, అప్పటి నుంచి జాక్ వదులైంది. పిన్నుకి బిగించే మర ఉన్న రకమే కొనుక్కోవాల్సింది.

స్పేర్ మైక్ కొనేటప్పుడు పిన్ను దూరింది కదా అనుకోవద్దు. బయటికి ఒకేలా కనిపించే 3.5 మిల్లీమీటర్ల పిన్నులో కూడా లోపలి వైరింగ్ కంపెనీని బట్టి మారుతుంది. దూరుతుంది, మూగనోము పడుతుంది. నేను తెప్పించిన రెండోది అలాగే మూలన పడి ఉంది.

సెకండ్ హ్యాండ్‌లో మంచి కంపెనీ సెట్ చవగ్గా వస్తోందంటే ఫ్రీక్వెన్సీ అడగండి. అమెరికాలో 700 మెగాహెర్ట్జ్ పరిధిని 2010లో, 600 పరిధిలో చాలా భాగాన్ని 2020లో వైర్‌లెస్ మైకులకు మూసేశారు. అలాంటి పాత సరుకు అమ్మకానికి తిరుగుతూనే ఉంటుంది. మీ దేశంలో ఏ పరిధికి అనుమతి ఉందో చూసుకోకుండా డబ్బు కట్టొద్దు. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఈ బెడద తక్కువ గానీ వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. మీ ఒక్క ఫోనున్న గదిలో కాదు, ముప్పై ఫోనులున్న హాల్లో చూడాలి.

రిటర్న్ గడువు ఇంకా మిగిలుంటే ఈ రోజే చెయ్యండి. కొత్త బ్యాటరీలు వేసి, ప్యాక్ నడుముకి పెట్టుకుని, అసలు వాడే హాల్లో అసలు వాడే బట్టల్లో అరగంట తిరగండి. వంగండి, గిర్రున తిరగండి, రిసీవర్‌కి ఎదురుగా నిలబడి ప్యాక్ వీపు వెనక ఉండగా అరవండి. పెట్టె మాత్రం పారెయ్యకండి. నేను పారేశాను, వాళ్లు మొదట అడిగింది అదే.