రంగు కింద ఇనుము: టిన్ ఫ్యాక్టరీ దగ్గరి టింకరింగ్ షెడ్డులో 23 రోజులు

బెంగళూరులో ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద టిన్ ఫ్యాక్టరీ దాటి కె.ఆర్.పురం వైపు వెళ్తూ ఒక సందులోకి తిరిగితే, పేరు సగం చెరిగిపోయిన బోర్డుతో ఒక టింకరింగ్ షెడ్డు, అంటే దెబ్బ తిన్న కార్ల రేకును సరిచేసే చోటు, ఉంది. మా కారు అక్కడ 23 రోజులు ఉంది. పక్కనుంచి దెబ్బ తిన్న కారును ఎవరికి ఇవ్వాలని మా బ్యాంకులో ఇద్దరు, మా అపార్ట్‌మెంటులో ఒకరు అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే కంటే ఒకసారి వివరంగా రాయడం మంచిదనిపించింది. రంగు గురించి చివర్లో చెబుతాను. ముందు చెప్పవలసింది రంగు కింద ఉన్న ఇనుము సంగతి.

గత కార్తీక పౌర్ణమి సాయంత్రం అమ్మను గుడికి తీసుకెళ్తున్నాను. అమ్మకు 68 ఏళ్లు. హిందూపురం నుంచి వచ్చి పది రోజులే అయింది. నా ఎడమ పక్కన, ముందు సీటులో, ఒడిలో 365 వత్తుల కట్ట, నెయ్యి సీసా పెట్టుకుని కూర్చుంది. హెచ్‌ఆర్‌బీఆర్ లేఅవుట్‌లో ఒక కూడలి దాటుతున్నాను. బెంగళూరు లేఅవుట్లు ఎలా ఉంటాయో ఇక్కడివారికి తెలుసు. మెయిన్ రోడ్లు ఒక దిక్కున, క్రాస్ రోడ్లు ఇంకో దిక్కున గళ్ల చీరలా అల్లుకుని ఉంటాయి. గడి గడికీ ఒక కూడలి, చాలావాటికి సిగ్నలు ఉండదు. ఆ మూల మీద ఒక ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన ఇస్త్రీ బండి, బండి ముందు ఎవరో ఆపి ఉంచిన పెద్ద కారు. నేను కుడికి చూశాను, ఎవరూ లేరు. ఎడమకు చూసేసరికి చిన్న సరుకుల వ్యాను అమ్మ తలుపు మీదికి వచ్చేసింది.

సిగ్నలు లేని కూడలిలో, రెండు రోడ్లూ సమానమైనవైతే, తన కుడి వైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలన్నది మన దేశంలో నియమం. నేను ఆ వ్యాను డ్రైవరుకు కుడి నుంచి వస్తున్నాను. అయినా తప్పంతా అతని మీద నెట్టను. ఆసుపత్రి వరండాలో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. మనిషి ప్రమాదాన్ని చూసి, గ్రహించి, కాలు బ్రేకు మీద వేయడానికి సుమారు ఒకటిన్నర సెకన్లు పడుతుంది. అంటే బ్రేకు పడకముందే బండి 16 మీటర్లు కదిలిపోతుంది. ఆ మూల మీద అతనికి నేను, నాకు అతను కనిపించింది ఏడెనిమిది మీటర్ల దూరంలోనే. ఇద్దరికీ బ్రేకు వేసే అవకాశమే లేదు. అలాంటి చోట కూడలికి ముందే వేగం 15కు, 20కి దిగి ఉండాలి. నేను దిగలేదు, అతనూ దిగలేదు.

మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి అడ్డరోడ్డు దాటేటప్పుడు మొదటి సగంలో బండ్లు కుడి నుంచి వస్తాయి. అక్కడ దెబ్బ డ్రైవరుకు తగులుతుంది. రెండో సగంలో ఎడమ నుంచి వస్తాయి, అక్కడ దెబ్బ పక్క సీటువారికి. పెద్ద రోడ్డు మీద కుడికి మలుపు తిరిగినా అంతే, ఎదురుగా వచ్చే బండికి మన ఎడమ పక్కే చూపిస్తాం. ఇంతకాలం ముందు ఎడమ సీటును పెద్దవారికి ఇచ్చే గౌరవమైన చోటు అనుకున్నాను. ఇప్పుడు నేను పిల్లలనూ పెద్దలనూ వెనుక సీటులో, వీలైనంత మధ్యకు జరిపి, బెల్టు పెట్టించి కూర్చోబెడుతున్నాను.

ముందు నుంచి గుద్దుకుంటే మనిషికీ దెబ్బకూ మధ్య ఇంజను ఉంటుంది, నలిగి శక్తిని మింగే ఇనుము ఉంటుంది. పక్కన అంత చోటు లేదు. తలుపు రేకు, అద్దం, లోపల ఒక ఇనుప గొట్టం, ప్లాస్టిక్ పలక, అంతే. మొత్తం కలిపి జానెడు మందం. గుద్దిన బండి కారును పక్కకు తోసేలోపే తలుపు లోపలికి వచ్చి పక్కటెముకలకు తగులుతుంది. తల కిటికీ వైపు, అంటే గుద్దుతున్న బండి వైపే ఊగుతుంది. పైగా సరుకుల వ్యాన్ల ముందుభాగం ఎత్తులో ఉంటుంది. కారులో గట్టిగా ఉండేది తలుపు కింది గడప, దాన్ని సిల్ అంటారు. వ్యాను బంపరు ఆ గడప పైనుంచి వచ్చి నేరుగా తలుపునూ మధ్య స్తంభాన్నీ కొట్టింది. ముందు తలుపుకూ వెనుక తలుపుకూ మధ్య నిలబడి పైకప్పును మోసే ఆ స్తంభాన్నే బి-పిల్లర్ అంటారు.

అమ్మకు ఎడమ పక్క రెండు పక్కటెముకలు చిట్లాయి. ఎడమవైపు కింది ఎముకల వెనకే ప్లీహం ఉంటుంది, అందులో రక్తస్రావమైతే పైకి వెంటనే తెలియదని డాక్టరు రెండుసార్లు స్కాన్ తీయించారు. ఏమీ కాలేదు. పక్క దెబ్బ తగిలినవారు నడవగలుగుతున్నా, కడుపు నొప్పి చిన్నదే అంటున్నా ఆసుపత్రికి తీసుకెళ్లవలసిందే.

చూడటానికి వచ్చిన ప్రతివారూ ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదా అని అడిగారు. మా కారులో ఉన్నవి రెండే, ముందు దెబ్బకు పనికొచ్చేవి. పక్క దెబ్బకు అవి తెరుచుకోవు, తెరుచుకున్నా అడ్డురావు. పక్కకు కావలసినవి సీటు అంచు నుంచి ఛాతీ కోసం వచ్చేవి, కిటికీ పైనుంచి తెరలా దిగి తలను కాచేవి. పక్కన దూరం తక్కువ కాబట్టి ముందువాటి కంటే వేగంగా విచ్చుకోవాలి. మేము కారు కొన్నది 2022 ఫిబ్రవరిలో. ఆ ముందు నెలలోనే ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని కేంద్రం ముసాయిదా ఇచ్చింది. 2022 అక్టోబరు అన్నారు, తర్వాత 2023 అక్టోబరుకు జరిపారు, చివరికి తప్పనిసరి చేయలేదు. అదే కారులో పై రకానికి ఆరు ఉన్నాయి. ఆ తేడా డబ్బుతో మేము పెద్ద తెర, మంచి చక్రాలు ఉన్న రకం తీసుకున్నాం. ఆ నిర్ణయం నాది. ఆ కాగితాలు ఇప్పుడు చూసినా నాకు బాధ కలుగుతుంది.

ఇక మరమ్మతు. మొదట కారును ఇంటికి దగ్గరలోని ఒక వర్క్‌షాపుకు తోలించాం. గాజు గోడల ఆఫీసు, కాఫీ, కంప్యూటర్‌లో అంచనా. తొమ్మిది రోజుల్లో కొత్త కారులా ఇస్తామన్నారు. స్తంభం సంగతి అడిగితే, గ్యాసుతో కాల్చి వెనక్కి లాగి, పుట్టీ పెట్టి రంగు వేస్తే కనిపించదన్నారు. ఆ "కనిపించదు" అన్న మాట నాకు నచ్చలేదు. అమ్మ మళ్లీ కూర్చోవలసిన చోటు అది. నేను వినవలసిన మాట "నిలబడుతుంది" అని. కారును అక్కడి నుంచి తీయించి, మా బ్యాంకు డ్రైవరు చెప్పిన ఈ షెడ్డుకు తెచ్చాను.

ఇక్కడ యజమానిది పలమనేరు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. కారు చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని గడపను వేళ్లతో తడిమి చూశారు. తర్వాత నాతో అన్న మొదటి మాట: "అమ్మా, ఇది కాల్చి సాగదీసే ఇనుము కాదు. కోసి కొత్తది వేయాలి."

ఎందుకని అడిగితే ఓపికగా చెప్పారు. ఈ కాలపు కార్లు చాలావాటిలో మధ్య స్తంభం లోపలి భాగాన్ని బోరాన్ కలిపిన ఉక్కుతో చేస్తారు. రేకును ఎర్రగా కాల్చి, అచ్చులో ఒత్తి, అచ్చులోనే చటుక్కున చల్లారుస్తారు. దాని బలమంతా ఆ చల్లార్చడంలో ఉంది. షెడ్డులో గ్యాసు మంటతో మళ్లీ కాలిస్తే ఆకారం తిరిగి వస్తుంది, బలం మాత్రం పోతుంది. "చూపుకు స్తంభమే, ఇంకో దెబ్బకు అట్ట ముక్క" అన్నారు. తలుపు లోపలి గొట్టానికీ అదే వర్తిస్తుందని, తలుపు మొత్తం మార్చాలన్నారు. విప్పిన పాత తలుపు చూపించారు. ఆ గొట్టం విల్లులా వంగి ఉంది. చేయి పెట్టి చూశాను. అంత వంగి కూడా తెగలేదు. అమ్మకు రెండు ఎముకలతో పోయిందంటే అందులో దాని వంతు ఉంది.

పని జరిగిన తీరు గురించి ఇంకొంచెం చెప్పాలి. ముందు కుడి పక్క, అంటే దెబ్బ తగలని పక్క, తలుపు ఖాళీని మూలనుంచి మూలకు నాలుగు చోట్ల కొలిచి గోడ మీద సుద్దతో రాశారు. తర్వాత ఎడమ పక్క కొలిచారు. ఒక మూల 19 మిల్లీమీటర్లు తేడా. గడపను యంత్రానికి బిగించి కొంచెం కొంచెంగా లాగి, ప్రతిసారీ కొలిచారు. కొత్త స్తంభాన్ని ఊరికే అతికించలేదు. కంపెనీ వేసిన వెల్డింగు చుక్కలను కుడి పక్క లెక్కపెట్టి, ఎడమ పక్క అన్ని చుక్కలు, అవే చోట్ల వేశారు. ఆ పని చేసిన కుర్రవాడికి ఇరవై రెండేళ్లు ఉంటాయి. ప్రతి చుక్క పక్కనా పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోయాడు. మా బ్యాంకులో నోట్ల కట్టలు లెక్కపెట్టేటప్పుడు మేము చూపే శ్రద్ధే అది. లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా మందు కొట్టారు. ప్రతి దశలో ఫోటో తీసి నా ఫోనుకు పంపారు. రంగు పడ్డాక ఇవేవీ చూడలేము కాబట్టి ఆ ఫోటోల విలువ నాకు బిల్లు కంటే ఎక్కువ.

సీటు బెల్టు చుట్టుకునే యంత్రం ఆ స్తంభం అడుగునే ఉంటుంది. అది దెబ్బతింది. బీమా సర్వేయరు మొదట దాన్ని జాబితా నుంచి కొట్టేశారు, శుభ్రం చేస్తే సరిపోతుందన్నారు. షెడ్డు యజమాని ఆయన ముందే బెల్టును చటుక్కున లాగి చూపించారు. పట్టుకోవలసిన చోట అది పట్టుకోలేదు. సర్వేయరు మళ్లీ చేర్చారు. యజమానికి ఇందులో మిగిలేది ఏమీ లేదు, ఆ భాగం కంపెనీ ధరకే వచ్చింది. ఎయిర్‌బ్యాగుల కంప్యూటర్‌కు యంత్రం తగిలించి లోపాలు లేవని కాగితం కూడా ఇచ్చారు.

మొత్తం బిల్లు 1,46,000 రూపాయలు. జీరో డిప్రిసియేషన్ పాలసీ, అంటే భాగాల అరుగుదల పేరుతో కోత పెట్టని బీమా, ఉండటం వల్ల మా చేతి నుంచి పోయింది 8,400. ఆ పాలసీ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం, ఇనుప భాగాల మీద కారు వయసును బట్టి కొంత మేమే భరించవలసి వచ్చేది.

లోపాలు కూడా చెప్పాలి. 14 రోజులన్నది 23 అయింది. స్తంభం రావడానికే 11 రోజులు పట్టింది, అది వారి చేతిలో లేదని ఒప్పుకుంటాను. కానీ ఆ ఆలస్యం నేను అడిగితే గాని చెప్పలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఫోను ఎత్తరు. కూర్చోవడానికి ఒకే స్టూలు, అదీ రంగు వాసనల మధ్య. పెద్దవారిని వెంట తీసుకెళ్లవద్దు. మొదటి అంచనా కాగితం చేతిరాతలో ఉంది, బీమా వారికి పంపడానికి నేనే మళ్లీ టైపు చేశాను. వెనుక తలుపు రంగు నీడలో కలిసిపోతుంది గాని ఎండలో ఒక పిసరు ముదురుగా కనిపిస్తుంది. రంగు మీద ప్రాణం పెట్టుకునేవారికి ఈ షెడ్డు నచ్చకపోవచ్చు. తీసుకున్న వారానికి ఎడమ కిటికీ గరుకు రోడ్ల మీద గలగలమంది. తిరిగి వెళ్తే గంటలో సరిచేసి, డబ్బు తీసుకోలేదు.

మీ కారుకు పక్క దెబ్బ తగిలితే ఈ షెడ్డుకే వెళ్లమని అనను. ఎక్కడికి వెళ్లినా ఈ నాలుగూ అడగండి: స్తంభాన్ని కాల్చి లాగుతారా, మారుస్తారా? తలుపు లోపలి గొట్టం వంగిందా? బెల్టు యంత్రం పనిచేస్తోందా? రంగుకు ముందు ఫోటోలు ఇస్తారా? ఇక కొత్త కారు కొనేవారు, కార్లను గుద్దించి భద్రతను పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు చూసి ఊరుకోకండి. 2023 అక్టోబరులో మొదలైన ఆ పరీక్షల్లో 950 కిలోల బండిని 50 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి గుద్దిస్తారు. మూడు నక్షత్రాలు, ఆపైన కావాలంటే 29 కిలోమీటర్ల వేగంతో కారును రోడ్డు పక్కన ఉండేలాంటి స్తంభానికి పక్కగా కొట్టే పరీక్ష కూడా ఉంటుంది. పక్క దెబ్బ నుంచి పెద్దవారి (అంటే పిల్లలు కానివారి) రక్షణకు వచ్చిన మార్కులు విడిగా ఇస్తారు, ఆ వరుస చదవండి. మీరు కొనే రకంలో తెర ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేదో అమ్మేవారి చేత కాగితం మీద రాయించుకోండి.

అమ్మ సంక్రాంతికి హిందూపురం వెళ్లింది, ఈ కారులోనే. వెనుక సీటులో, మధ్యకు జరిగి కూర్చుంది. దేవనహళ్లి దాటాక కొత్త తలుపు మీద చేయి వేసి, ఇది ఆ పలమనేరు ఆయన వేసిందేనా అని అడిగింది. అవునన్నాను. కాసేపటికి నిద్రపోయింది.