ఎడ్ఫునా, డెండెరానా?

ఈజిప్టుకి టికెట్లు కొన్న వాళ్లంతా నన్ను అడిగేది ఒకటే. నైలు నది క్రూజ్‌లో ఎడ్ఫు గుడి ఎలాగూ చూపిస్తారు కదా, లక్సర్ ఊరి నుంచి మళ్లీ పనిగట్టుకుని డెండెరా గుడికి వెళ్లాలా అని. వెళ్లండి. రెండిట్లో ఒక్కటే కుదురుతుందంటే నేనైతే ఎడ్ఫునే వదిలేస్తాను.

అలాగని ఎడ్ఫు తక్కువదేం కాదు. క్రీ.పూ. 237లో మూడో టాలమీ రాజు మొదలుపెట్టిన డేగ దేవుడు హోరస్ గుడి క్రీ.పూ. 57లో గానీ పూర్తవలేదు, తర్వాత వందల ఏళ్లు ఇసుకలో కూరుకుపోయి ఉండబట్టే ఇంత నిక్షేపంగా మిగిలింది. 36 మీటర్ల ముఖద్వారం దాటి లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తవుతుంది, కప్పు కిందికి దిగుతుంది, వెలుగు తగ్గుతూ తగ్గుతూ చివరికి గర్భగుడి చీకటి. మన గుళ్లు తిరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ తలెత్తి చూస్తే చాలా చోట్ల మసే. పైగా పడవలన్నీ ఇంచుమించు ఒకే వేళకి ఆగుతాయి, ఆ జనంలో గైడ్ మాట వినబడితే ఒట్టు.

నా లెక్కలో అసలు తేడా ఆ కప్పు దగ్గరే ఉంది. డెండెరాలో హాథోర్ దేవత గుడి క్రీ.పూ. 54లో, క్లియోపాత్రా తండ్రి కాలంలో మొదలైంది, ముందున్న పెద్ద మంటపం మాత్రం రోమన్ల హయాంలోది. ఆ మంటపం కప్పుకి పట్టిన మసిని ఓపిగ్గా తుడిచేసరికి నీలం రంగు బయటపడింది. ఆకాశ దేవత నూత్ సాయంత్రం సూర్యుణ్ణి మింగి పొద్దున్నే కంటోంది, పక్కనే రాశులు. వృషభం, తుల, వృశ్చికం... గైడ్ నోరు తెరవకముందే మా అత్తయ్య వేలెత్తి చూపించేసింది. మకరం దగ్గర ఆగిపోయింది, అక్కడ మేకకి చేప తోక ఉంది మరి. ఈ రాశులు బాబిలోన్‌లో పుట్టి గ్రీకుల ద్వారా అటు ఈజిప్టు వాళ్లకీ ఇటు మనకీ చేరినవే. డాబా మీది గదిలో ఉన్న గుండ్రటి రాశిచక్రం మాత్రం నకలు, అసలుది 1821లో కోసి పట్టుకుపోయారు, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. గుడి వెనక గోడ మీద క్లియోపాత్రా, ఆమె కొడుకు సిజేరియన్ బొమ్మలుంటాయి, చూడకుండా వచ్చేయకండి.

క్రూజ్ దారిలోనే ఉన్న కోమ్ ఒంబో గుడి దగ్గర మొసలి మమ్మీలున్నాయి, పడవ ఆగితే దిగండి, అంతే. ఫిలే గుడికి పడవలో వెళ్లడమే ఓ సరదా, దాన్ని ఈ పోటీలో పెట్టను.

డెండెరా లక్సర్‌కి ఉత్తరాన 60 కిలోమీటర్ల పైచిలుకు, కారుకి ఒక పూట చాలు. మెడనొప్పి ఉన్నవాళ్లు చేతిలో చిన్న అద్దం పెట్టుకెళ్లండి, కప్పంతా అందులోనే చూసుకోవచ్చు.