అమెరికాలో జర్మన్ ప్రెట్జెల్: ఇన్నేళ్లు తిన్నాక నా మాట

ముందే చెప్పేస్తాను. అమెరికాలో జర్మన్ ప్రెట్జెల్ (ముడిలా మెలిపెట్టి కాల్చే ఉప్పు రొట్టె) రుచి కావాలంటే బేకరీల చుట్టూ తిరగడం కంటే, ఫ్రీజర్ సెక్షన్‌లో దొరికే కాల్చని ప్రెట్జెళ్లు తెచ్చుకుని ఇంట్లో ఓవెన్‌లో కాల్చుకోవడమే మేలు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ వదిలి ఫిలడెల్ఫియా దగ్గర ఎక్స్‌టన్‌కి వచ్చిన ఇన్నేళ్లలో దొరికినవన్నీ తిని చెబుతున్నాను.

స్టుట్‌గార్ట్ వైపు ప్రెట్జెల్‌కి కింది భాగం, అంటే పొట్ట, లావుగా, మెత్తగా ఉంటుంది. కాల్చే ముందు దాని మీద ఒక గాటు పెడతారు. ఓవెన్‌లో అది విచ్చుకుని లోపలి తెల్లటి భాగం బయటపడుతుంది. పైన మెలిపడ్డ సన్నటి చేతులు మాత్రం జంతికలా కరకరలాడాలి. పొట్టని అడ్డంగా కోసి ఉప్పు లేని వెన్న మందంగా పెట్టి ఇస్తారు. ఆఫీసుకి వెళ్తూ అది ఒకటి తింటే చాలు, మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. జర్మనీలోనే బవేరియా రాష్ట్రంలో చేతులు కాస్త లావు, పొట్ట దానంతటదే పగులుతుంది. దానికి 2014లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా ఓటు మాత్రం స్టుట్‌గార్ట్‌కే.

ఆ ముదురు రంగు, ఆ ప్రత్యేకమైన వాసన కాస్టిక్ సోడా చలవ. తిండికి వాడే రకాన్ని 4 శాతానికి మించకుండా నీళ్లలో కలిపి, పచ్చి ప్రెట్జెల్‌ని అందులో ముంచి తీసి కాలుస్తారు. ఓవెన్‌లో అది కార్బొనేట్‌గా మారిపోతుంది కాబట్టి భయం లేదు. వంట సోడా నీళ్లలో ముంచితే రంగు కొంత వస్తుంది గానీ ఆ రుచి రాదు.

మా ప్రాంతానికి ప్రెట్జెల్‌ని తెచ్చింది జర్మనీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే. మా పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లిటిట్స్ ఊళ్లో జూలియస్ స్టర్గిస్ 1861లోనే ప్రెట్జెల్ బేకరీ పెట్టాడు. అయినా ఇప్పటి ఫిలడెల్ఫియా ప్రెట్జెల్ దారి వేరు. ఒకదానికొకటి అతుక్కుని వరసగా కాలుతుంది, అంతా మెత్తనే, ఆవాల సాస్‌తో బాగుంటుంది. పిల్లలకి ఇదే ఇష్టం. మాల్‌లో దొరికే ఆంటీ ఆన్స్ బ్రాండ్ ప్రెట్జెల్ కూడా మా పక్క ఊరు డౌనింగ్‌టౌన్‌లో 1988లో పుట్టిందే. వెన్నలో తడిపిన ఆ తియ్యటి పిండి సాయంత్రం చిరుతిండికి సరే, పొద్దున టిఫిన్‌కి పనికిరాదు.

జర్మన్ పేరు పెట్టుకున్న ఒక రెస్టారెంట్‌లో పళ్లెమంత ప్రెట్జెల్, చీజ్ సాస్‌తో తెచ్చిపెట్టారు. ఎప్పుడో కాల్చి మళ్లీ వేడి చేసింది. పైతోలు తోలులాగే సాగింది. ఆ ధరకి చాలా బాధేసింది.

ఇక ఫ్రీజర్‌వి. అన్నీ ఒకటి కాదు. ముందే కాల్చేసినవి, మైక్రోవేవ్‌లో వేడి చేసుకోమనేవి వద్దు. ప్యాకెట్ మీద పదార్థాల్లో సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా అంటే ఇదే) ఉందో లేదో చూడండి, ఉంటేనే కొనండి. కాస్త మంచు కరిగి పైన తడి చేరినప్పుడు రాళ్ల ఉప్పు చల్లితే అంటుకుంటుంది. పదునైన కత్తితో పొట్ట మీద గాటు పెట్టి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాలి. ప్యాకెట్ మీద చెప్పిన టైమ్ కన్నా నేను రెండు నిమిషాలు ఎక్కువ ఉంచుతాను, చేతులు కరకరలాడేది అప్పుడే. తీయగానే ఇల్లంతా ఆ వాసన!

పిండి కలపడం నుంచి అంతా ఇంట్లోనే చేసుకోవచ్చు, ఇంకా బాగుంటుంది. కానీ కాస్టిక్ సోడాతో పని కాబట్టి గ్లవ్స్, కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వాడకూడదు. నీళ్లలో సోడా వేయాలి తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ టెన్షన్ నేను పెట్టుకోమనను.

శాకాహారులు ఒకటి గమనించాలి: కొన్నిటి పిండిలో పంది కొవ్వు కలుపుతారు. ప్యాకెట్ చదవండి, బేకరీలో అయితే అడగండి. ఏ రకమైనా తినేన్నే కాల్చుకోండి. పైన ఉప్పు తేమ లాగేసి సాయంత్రానికే తోలు మెత్తబడిపోతుంది, మర్నాడు మళ్లీ వేడి చేసినా ఆ కరకర తిరిగి రాదు.