పీఏ లైసెన్స్ రెన్యూవల్: 50 గంటలతో సరిపెట్టుకోవాలా, ఎన్‌సీసీపీఏ సర్టిఫికేషన్ నిలబెట్టుకోవాలా? ఏది మేలు?

కాలిఫోర్నియాలో పనిచేసే ఫిజీషియన్ అసిస్టెంట్లకు (పీఏలు, అంటే డాక్టర్లతో కలిసి రోగులకు చికిత్స చేసేవాళ్ళు) రెన్యూవల్ దగ్గర ఒక వెసులుబాటు ఉంది. లైసెన్స్ రెండేళ్ళకోసారి, మనం పుట్టిన నెల చివరి రోజుతో ముగుస్తుంది. దాన్ని కొనసాగించుకోవాలంటే ఆ రెండేళ్ళలో 50 గంటల కేటగిరీ 1 సీఎంఈ (ఉద్యోగంలో ఉంటూ చేసే వైద్య విద్య) చేసి ఉండాలి, లేదా రెన్యూవల్ నాటికి ఎన్‌సీసీపీఏ (పీఏలకు దేశవ్యాప్తంగా సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థ) సర్టిఫికేషన్ చెల్లుబాటులో ఉండాలి. రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి ఉంటే చాలు. దాంతో సర్టిఫికేషన్ కోసం పదేళ్ళకోసారి రాయాల్సిన పరీక్ష దగ్గరపడ్డ వాళ్ళలో కొందరు "ఇంకా ఆ సర్టిఫికేషన్ ఎందుకు, 50 గంటలు చేసేసి హాయిగా ఉందాం" అనుకుంటున్నారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది, కానీ నా ఉద్దేశం వేరు. రిటైర్మెంట్ బాగా దగ్గరలో ఉంటే తప్ప సర్టిఫికేషన్ వదులుకోవద్దు. ఎందుకో చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. రాష్ట్రం దారిలో వెళ్తే రెండేళ్ళకు 50 గంటలు, అన్నీ కేటగిరీ 1లోనే, అంటే ఏఏపీఏ (పీఏల సంఘం) లేదా ఏఎంఏ (డాక్టర్ల సంఘం) లాంటి సంస్థలు గుర్తించిన కోర్సులు. పరీక్ష ఉండదు. లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర బోర్డు ఆడిట్ చేస్తే చూపించడానికి సర్టిఫికెట్లు మన దగ్గర భద్రంగా ఉండాలి, అంతే. ఎన్‌సీసీపీఏ దారిలో రెండేళ్ళకు 100 క్రెడిట్లు కావాలి. వాటిలో కనీసం 50 కేటగిరీ 1, మిగతా 50 కేటగిరీ 2 అయినా పర్వాలేదు. జర్నల్ చదవడం, రేపటి కేసు గురించి కూర్చుని వెతకడం, ఇలా మనం ఎలాగూ చేసే చదువంతా గంటకు ఒక క్రెడిట్ చొప్పున కేటగిరీ 2లోకి వస్తుంది. కాబట్టి 100 అనగానే రెట్టింపు పని అని బెదిరిపోవక్కర్లేదు. నిజంగా కూర్చుని చేయాల్సిన కోర్సు పని రెండు దారుల్లోనూ ఆ 50 గంటలే. తేడా అంతా ఫీజు దగ్గర, పదేళ్ళకోసారి వచ్చే పరీక్ష దగ్గర ఉంది.

(ఇంట్లో డాక్టర్లున్న వాళ్ళకు ఈ అంకెలు మరీ ఎక్కువనిపిస్తాయి. మన దేశంలో డాక్టర్లు ఐదేళ్ళకు 30 గంటల సీఎంఈ చేయాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేసే మా బావగారు నా లెక్క విని "మీకు చదువు ఎప్పటికీ అయిపోదా?" అన్నారు.)

ఇక అసలు తేడా కాలిఫోర్నియా సరిహద్దు దాటాకే తెలుస్తుంది. మనవాళ్ళు ఒకేచోట ఇరవై ఏళ్ళు ఉండటం తక్కువ. భర్తకో భార్యకో ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం వస్తుంది, ఇంటి ధరలు చూసి డాలస్ వెళ్ళిపోదామనుకుంటారు, పిల్లలు కాలేజీలో చేరాక తూర్పు తీరానికి మారతారు. నాకు తెలిసినావిడ ఒకరు చాలా ఏళ్ళు ఒకే డెర్మటాలజీ క్లినిక్‌లో పనిచేసి, పరీక్ష టెన్షన్ పడలేక సర్టిఫికేషన్ పోనిచ్చారు. కాలిఫోర్నియా లైసెన్స్ మాత్రం 50 గంటలతో నిక్షేపంగా నడిచింది. తర్వాత ఆవిడ భర్తకు ఫిలడెల్ఫియాలో ఉద్యోగం వచ్చింది. పెన్సిల్వేనియాలో రెన్యూవల్‌కు కూడా ఎన్‌సీసీపీఏ సర్టిఫికేషన్ నిలబెట్టుకుని ఉండాలి, కేవలం గంటలు చూపిస్తే సరిపోదు. పదేళ్ళ సైకిల్ దాటిపోయాక మళ్ళీ సర్టిఫికేషన్ కావాలంటే పరీక్ష పాసవ్వాల్సిందే కదా. అన్నేళ్ళుగా మొటిమలు, ఎగ్జిమా, పుట్టుమచ్చల బయాప్సీలు తప్ప వేరే చూడని మనిషి మళ్ళీ ఈసీజీలు, ప్రసూతి కేసులు, పిల్లల టీకాల షెడ్యూల్ ముందేసుకుని కూర్చోవాల్సి వచ్చింది, అదీ ఇల్లు మారే హడావిడిలో. ఏటా కాస్త కాస్త చేసుకుంటూ పోయుంటే ఇంత కష్టం ఉండేది కాదని ఆవిడే అన్నారు.

రాష్ట్రం మారకపోయినా హాస్పిటల్ క్రెడెన్షియలింగ్ (ఉద్యోగమిచ్చే ముందు చేసే అర్హతల తనిఖీ) ఒకటుంది. లైసెన్స్ ఉంటే చాలని బోర్డు అనొచ్చు, కానీ ఉద్యోగమిచ్చే చోట దరఖాస్తులో చాలాసార్లు సర్టిఫికేషన్ ముగిసే తేదీ కూడా అడుగుతారు. ఒకే క్లినిక్‌లో, తెలిసిన డాక్టరు దగ్గర, ఇంకో రెండేళ్ళు చేసి మానేద్దామనుకునే వాళ్ళకు ఇది సమస్య కాదు. వాళ్ళు నిశ్చింతగా 50 గంటల దారి పట్టొచ్చు, అందులో తప్పేమీ లేదు, చదువు ఆ 50 గంటల్లోనూ బాగా చదవొచ్చు. కానీ ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్నవాళ్ళు ఈ తలుపు మూసుకోవడం నాకు నచ్చదు.

సరే, నిలబెట్టుకుందామనుకున్నారు. అప్పుడు రెండో ప్రశ్న: ఆ పదేళ్ళ పరీక్షకున్న రెండు పద్ధతుల్లో ఏది, పాన్రేనా, పాన్రే ఎల్‌ఏనా?

పాన్రే అంటే పాత పద్ధతి. టెస్ట్ సెంటర్‌కి వెళ్ళి ఒక్క రోజులో 240 ప్రశ్నలు, నాలుగు గంటలు, పుస్తకం ముట్టుకోకూడదు. పాన్రే ఎల్‌ఏ 2023లో పూర్తిస్థాయిలో మొదలైంది. పదేళ్ళ సైకిల్‌లో ఏడో ఏడాది నుంచి తొమ్మిదో ఏడాది దాకా మూడు నెలలకోసారి 25 ప్రశ్నలు వస్తాయి. ఇంట్లోనే, మన ల్యాప్‌టాప్‌లోనే రాయొచ్చు. ఒక్కో ప్రశ్నకు ఐదు నిమిషాలు. పుస్తకాలు, వెబ్‌సైట్లు చూసుకోవచ్చు, పక్కవాళ్ళని మాత్రం అడగకూడదు. జవాబు పెట్టగానే తప్పో ఒప్పో, ఎందుకో అక్కడే చెప్పేస్తుంది. మొత్తం 12 క్వార్టర్లలో మన స్కోరు బాగున్న ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు. అంటే కాన్పు, ఊరి ప్రయాణం, ఇంట్లో ఎవరికో ఆరోగ్యం బాగోలేకపోవడం, ఇలాంటివాటికి నాలుగు క్వార్టర్లు పోయినా కొంప మునగదు.

నా ఓటు ఎల్‌ఏకే, అదీ సులువుగా ఉంటుందని కాదు. ఆ ఐదు నిమిషాల్లో మనం చేసే పని రోజూ క్లినిక్‌లో చేసే పనే. అరవై ఏళ్ళావిడ, కిడ్నీ పనితీరు తగ్గుతోంది, షుగర్ మందు ఏది మార్చాలి అని ప్రశ్న వస్తుంది. ఒక జవాబు మీద అనుమానం ఉంటుంది, వెతుకుతాం, డోసు దగ్గర ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) హద్దు కనిపిస్తుంది, జవాబు మారుస్తాం. మర్నాడు అలాంటి పేషెంటే వస్తే అది గుర్తుంటుంది. నాలుగు గంటల పరీక్షకు నెలలపాటు బట్టీపట్టిన దాంట్లో అలా ఎంత మిగులుతుంది? చాలా కొద్దిగా. అయితే పాన్రే మేలనిపించే వాళ్ళూ ఉన్నారు. ఎమర్జెన్సీలోనో ఫ్యామిలీ మెడిసిన్‌లోనో పనిచేస్తూ రోజూ అన్ని రకాల కేసులూ చూసేవాళ్ళకు ఆ పరీక్ష పెద్ద భారం కాదు, ఒక్క రోజుతో అయిపోతుంది. మూడేళ్ళు గడువులు గుర్తుపెట్టుకోవడం చేతకాని స్వభావం ఉన్నవాళ్ళకూ అంతే. ఎల్‌ఏలో గట్టెక్కకపోయినా పదో ఏడాదిలో పాన్రే రాసే అవకాశం మిగిలే ఉంటుంది కాబట్టి దాన్ని ముందు ప్రయత్నించడంలో నష్టం లేదు.

గంటలు ఎక్కడ చేయాలన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. కాన్ఫరెన్స్‌కి వెళ్తే మూడు నాలుగు రోజుల్లో బోలెడన్ని గంటలొస్తాయి, మనుషులు కలుస్తారు, కానీ విమానం, హోటల్, పిల్లల్ని ఎవరు చూస్తారన్న బెంగ. ఉద్యోగంలో సీఎంఈ డబ్బు, సెలవు ఇస్తే తప్పకుండా వెళ్ళండి, అది మీ జీతంలో భాగమే. లేకపోతే ఆన్‌లైనే. ఆన్‌లైన్‌లో కూడా సెల్ఫ్ అసెస్‌మెంట్ (మనల్ని మనమే పరీక్షించుకునే) రకం కోర్సులు చూసుకోండి, ఎన్‌సీసీపీఏలో నమోదు చేసినప్పుడు వాటికి 50 శాతం అదనంగా కలుస్తుంది, పది చేస్తే పదిహేను. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది: అప్‌టుడేట్ అనే వైద్య సమాచార వెబ్‌సైట్‌లో మీ సొంత లాగిన్‌తో వెతికితే వెతుకులాటకు అర క్రెడిట్ చొప్పున జమవుతూ ఉంటుంది. వాటిని రిడీమ్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి, లేకపోతే ఎంత జమైనా మనకు చెందదు. పని మధ్యలో ఎలాగూ వెతుకుతాం కదా, హాస్పిటల్ కంప్యూటర్‌లో లాగిన్ అవ్వకుండా వెతకడం వల్ల ఎన్ని గంటలు పోగొట్టుకుంటున్నామో ఆలోచించండి.

ఇవి కాక విడిగా అడిగేవి కొన్నుంటాయి, దారి ఏదైనా వీటి నుంచి తప్పించుకోలేం. డీఈఏ రిజిస్ట్రేషన్ (నియంత్రణలో ఉన్న మందులు రాయడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చేది) ఉన్న పీఏలందరూ మాదకద్రవ్యాల వ్యసనం మీద ఒక్కసారి 8 గంటల శిక్షణ పూర్తిచేయాలి, ఇది 2023 జూన్ 27 నుంచి అమల్లో ఉంది. టెక్సాస్ వెళ్తే మనుషుల అక్రమ రవాణా మీద కోర్సు, పెన్సిల్వేనియాలో రెన్యూవల్‌కు పిల్లలపై హింసను గుర్తించడం మీద రెండు గంటలు, న్యూయార్క్‌లో నాలుగేళ్ళకోసారి ఇన్ఫెక్షన్ కంట్రోల్. మారబోయే రాష్ట్రం బోర్డు పేజీ సామాను సర్దకముందే చూసుకోవడం మంచిది.

తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త. కాలిఫోర్నియా గడువు పుట్టిన నెలతో, ఎన్‌సీసీపీఏ గడువు డిసెంబర్ 31తో ముగుస్తాయి, రెండూ రెండేళ్ళవే అయినా ఒకే ఏడాదిలో పడతాయన్న నమ్మకం లేదు. సర్టిఫికేషన్ ఆధారంగానే లైసెన్స్ రెన్యూ చేసుకునే వాళ్ళు క్రెడిట్ల నమోదు డిసెంబర్ చివరి వారం దాకా లాగితే రెండూ ఇరకాటంలో పడతాయి. ఇక సైకిల్‌లో ఆరో ఏడాదిలో ఉన్నవాళ్ళు ఈ వారమే ఎన్‌సీసీపీఏ ఖాతా తెరిచి ఎల్‌ఏ నమోదు ఎప్పుడు మొదలవుతుందో చూసుకోండి, ఏడో ఏడాది మొదటి క్వార్టర్ నుంచే ప్రశ్నలు వచ్చేస్తాయి.