బంకులో ఐదు లీటర్ల కొలత డబ్బా తెమ్మన్నాను: నెల్లూరు, ఉదయగిరి, భైరవకోన, కంభం మూడు రోజులు

ముందు అసలు సంగతి. మార్కాపురం నుంచి ఒంగోలు వచ్చే దారిలో ఒక పెట్రోలు బంకులో మా కారుకు 18.6 లీటర్లు పట్టిందని మీటరు చూపించింది. లీటరు 109.80 చొప్పున 2,042 రూపాయలు. నా లెక్క ప్రకారం ఆ ట్యాంకులో 17 లీటర్లకు మించి ఖాళీ లేదు. మిగతా లీటరున్నర పైచిలుకు ఎటు పోయిందని అడిగినందుకు అక్కడ గంటంబావు నిలబడాల్సి వచ్చింది.

ఖాళీ ఎంతో నాకు అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, రాసి పెట్టుకుంటాను కాబట్టి. మాది టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు. లీటరున్నర పెట్రోలు ఇంజిను, తోడుగా ఒక మోటారు, చిన్న లిథియం బ్యాటరీ, 45 లీటర్ల ట్యాంకు. కారు కొని రెండేళ్లయింది. ప్రతిసారీ మా వీధి చివరి బంకులోనే ఆటో కట్ పడేదాకా, అంటే ట్యాంకు నిండి నాజిల్ దానంతటదే ఆగేదాకా కొట్టించి, తిరిగిన కిలోమీటర్లు, పట్టిన లీటర్లు నోట్‌బుక్‌లో ఎక్కిస్తాను. ఇప్పటికి 41 సార్లు రాశాను. తెర మీద కారు చూపించే మైలేజీ అసలు దానికన్నా ఐదు శాతం దాకా ఎక్కువ ఉంటుంది. ఆ తేడా ఒక్కసారి కూడా నాలుగుకు తగ్గలేదు, ఆరు దాటలేదు. పరీక్షల్లో వచ్చిందని చెప్పే లీటరుకు 27.97 కిలోమీటర్లు నాకు ఎప్పుడూ రాలేదు, వస్తుందని అనుకోలేదు కూడా. నాకు కావాల్సింది నా సొంత లెక్క.

ఈ జనవరిలో, సంక్రాంతికి ముందు వారం బయల్దేరాం. నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే అబ్బాయి, అమ్మ, బావమరిది. బావమరిదికి డీజిల్ బండి ఉంది. హైబ్రిడ్ అంటే ఊళ్లో తిరగడానికి తప్ప దూరాలకు పనికిరాదని అతని నమ్మకం. ఆ మాట బుచ్చిరెడ్డిపాళెం దాటకముందే మొదలుపెట్టాడు.

తెల్లవారుజామున ఐదింటికి నెల్లూరులో చలి పెద్దగా లేదు కానీ, సంగం దగ్గర పొలాల మీద పొగమంచు దుప్పటిలా పరుచుకుని ఉంది. ఇంటి దగ్గర బండి తీయగానే ఇంజిను ఆగకుండా నడిచింది. రోజూ మోటారు మీదే గేటు దాటే బండి ఇది. 'ఇదేనా బావా నీ హైబ్రిడ్' అన్నాడు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, అదీ, పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరూ వేడెక్కేదాకా కారు ఇంజినును ఆపదు. ఆ మొదటి నాలుగైదు నిమిషాలూ మైలేజీ పది, పన్నెండు దగ్గరే ఉంటుంది. పాలకో, పూలకో చలికాలం ఉదయాన రెండు కిలోమీటర్లు పోయి వచ్చేవాళ్లకు హైబ్రిడ్ కూడా మామూలు బండే. వంద కిలోమీటర్లు పోయేవాళ్లకు ఆ నష్టం లెక్కలోకి రాదు.

చలి దేశాల్లో హీటరు కోసం ఇంజిను తిరుగుతూనే ఉండాలి కాబట్టి చలికాలంలో హైబ్రిడ్ మైలేజీ బాగా పడిపోతుంది. మనకు తిరగబడిన లెక్క. మా నోట్‌బుక్‌లో మే నెల కన్నా జనవరి మైలేజీ రెండు కిలోమీటర్లు ఎక్కువ. ఈ కార్లలో ఏసీ కంప్రెసర్ కరెంటు మీద నడుస్తుంది. నెల్లూరు ఎండల్లో ఆ ఏసీ బ్యాటరీని తాగేస్తుంటే, దాన్ని నింపడానికి ఇంజిను మాటిమాటికీ లేస్తుంది. జనవరిలో ఆ బాధ లేదు. ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకోండి: పొగమంచులో అద్దం లోపల ఆవిరి పడితే పెట్రోలు కోసం చూడకుండా ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లించండి. ఆవిరిని ఏసీయే లాగేస్తుంది. మా బావమరిది గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు, రెండు నిమిషాలకోసారి మళ్లీ మసకే. టైర్లలో గాలి కూడా చల్లటి పొద్దున చూసుకోవాలి. పది డిగ్రీలు తగ్గితే రెండు పాయింట్ల దాకా పడిపోతుంది.

ఉదయగిరిలో కొండ ఎక్కలేదు, అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. కింది నుంచే కోట గోడలు చూసి, ఏడాదిన్నర ముట్టడించి 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి దీన్ని గెలుచుకున్నాడని అబ్బాయికి చెప్పాను. ఆ ఏడాదిన్నర ఎందుకు పట్టిందో కొండ చూస్తే వాడికే తెలిసింది. ఊళ్లో చెక్క గరిటెలు చేసే ఇంటికి వెళ్లాం. నాలుగు గరిటెలు, ఒక ఫోర్కుల కట్ట 450 రూపాయలు. మా ఆవిడ బేరం ఆడబోయి, ఆ అమ్మాయి చేతుల మీద ఉలి గాట్లు చూసి ఊరుకుంది. నాకూ ఆ ధర ఎక్కువనిపించలేదు.

అక్కణ్ణుంచి సీతారామపురం మీదుగా భైరవకోన. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కార్తీక పౌర్ణమికి జనం విరగబడతారు. పుష్యమాసంలో పదిమంది కూడా లేరు. అమ్మ ప్రతి గుహ ముందూ కూర్చుని దణ్ణం పెట్టుకుంది. ఉదయం నుంచి ఆమె ముఖంలో ఉన్న విసుగు అక్కడే పోయింది. జలపాతంలో నీళ్లు సన్నగా ఉన్నాయి. పెద్ద ధార చూడాలంటే వానలకు వెళ్లండి, ప్రశాంతంగా చూడాలంటే ఇప్పుడు వెళ్లండి.

మధ్యాహ్నం రెండున్నరకు పామూరు పొలిమేరల్లో రేకుల షెడ్డు కింద ఒకావిడ నడిపే పూటకూటి ఇంట్లో భోంచేశాం. బయట బోర్డు కూడా లేదు. లారీలు రెండు ఆగి ఉంటే ఆపాను. సజ్జ రొట్టె, పచ్చి కందికాయలు ఒలిచి చేసిన కూర, గోంగూర పచ్చడి, ఉలవచారు, గడ్డపెరుగు. ఆ పక్కంతా కంది పంట. కాయ పచ్చిగా ఉండేది ఈ నెలరోజులే. ఎండిన కందిపప్పు తిని పెరిగిన మా అబ్బాయి అది బఠాణీ అనుకున్నాడు. పచ్చి కందికి ఒక లేత తీపి ఉంటుంది, దానికి వెల్లుల్లి, ఎండుమిరపకాయ కారం తగిలించి, నూనె పైకి తేలనీయకుండా వండింది. రొట్టె పెనం మీద నుంచి నేరుగా విస్తరిలోకి. 'ఇంకోటి ఏసుకో నాయనా, మొహమాటపడబాకు' అని ఆమె వేస్తూనే ఉంది. రెండు రొట్టెలు చాలన్న బావమరిది ఐదు తిన్నాడు. ఐదుగురికి 520 రూపాయలు తీసుకుంది. ఆరొందలు ఇస్తే ఎనభై తిరిగిచ్చేదాకా వదల్లేదు. ఆ పూట తర్వాత మా వాడు డీజిల్ మాట ఎత్తలేదు.

పామూరు, కనిగిరి మీదుగా మార్కాపురం వెళ్లే రోడ్డు మీద చాలాచోట్ల కంది కట్టె పరిచారు, బండ్ల చక్రాల కింద నలగడానికి. దాని మీదుగా వేగంగా పోకండి. కట్టె బండి అడుగున చుట్టుకుంటుంది, పొగగొట్టం వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. నేను రెండుసార్లు ఆపి, కింద చేయి పెట్టి పీకేశాను. ఈ రోడ్డు మీద అరవై దాటే వీలు లేదు. ఊరూరా స్పీడు బ్రేకర్లు, గొర్రెల మందలు. హైబ్రిడ్‌కు కావాల్సింది సరిగ్గా ఇలాంటి దారే. బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగొస్తుంది, నెమ్మదిగా పోతుంటే ఇంజిను ఆగిపోయి మోటారు లాగుతుంది. కనిగిరి చేరేసరికి తెర మీద 25 దాటింది.

మార్కాపురంలో లాడ్జి గది 1,700, రెండు గదులు తీసుకున్నాం. గీజరు ఉందన్నారు. ఉంది, పని చేయదు. పొద్దున్నే చెన్నకేశవస్వామి దర్శనానికి తలస్నానం చేయాలని అమ్మ నాలుగున్నరకే లేచి కూర్చుంటే, బకెట్టు వేడినీళ్లకు 30 రూపాయలు అడిగారు. ఐదు బకెట్లు, 150. డబ్బు సంగతి అలా ఉంచితే, గది ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే పక్క లాడ్జికి పోయేవాళ్లం. డబ్బు కట్టేముందు కుళాయి తిప్పి చూడండి, మాటలు నమ్మకండి.

గుడి దర్శనం హాయిగా అయింది. కంభం చెరువు చూసి వచ్చాం. రెండు కొండల సందున గుండ్లకమ్మకు విజయనగర రాజుల కాలంలో కట్టిన ఆ కట్ట ఇప్పటికీ నీళ్లు ఆపుతోంది. కట్ట మీద నడుస్తుంటే ఒక వైపు సముద్రంలా నీళ్లు, మరో వైపు పచ్చటి మాగాణి. ఆ పక్కంతా కరువు నేల అనుకునేవాళ్లు ఒకసారి అక్కడ నిలబడాలి.

మూడో రోజు ఒంగోలు దారి పట్టాం. నెల్లూరు నుంచి అప్పటికి 402 కిలోమీటర్లు, తెర మీద 25.1. నా ఐదు శాతం తీసేస్తే 23.8, అంటే పట్టాల్సింది 16.9 లీటర్లు. ట్యాంకులో ఇంకా సగం పైనే ఉంది. అయినా ఊళ్ల దారి లెక్క, హైవే లెక్క వేరువేరుగా తెలియాలని బంకులో ఆగి ఫుల్ చేయమన్నాను. మీటరు మీద సున్నా చూశాను, పెట్రోలు సాంద్రత చూశాను, కళ్లు తిప్పకుండా మీటరు చూశాను. కట్ అయ్యేసరికి 18.6.

ఆ కుర్రాడిని ఏమీ అనలేదు. ఐదు లీటర్ల కొలత డబ్బా తెమ్మన్నాను. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ డబ్బా ప్రతి బంకులో ఉండాలి, అడిగిన వాళ్లకు కొలిచి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా దాకా ఒప్పుకుంటారు, అంతకు మించకూడదు. 'డబ్బా గదిలో ఉంది సార్, తాళం ఓనరు దగ్గర ఉంది' అన్నాడు. ఓనరును పిలవమన్నాను. అరగంటకు మేనేజరు వచ్చాడు. కారు పాతబడితే మైలేజీ తగ్గుతుందన్నాడు. మైలేజీ సంగతి నేను అడగలేదని చెప్పాను. డబ్బా బయటికి వచ్చింది, కానీ పక్క పంపులో పట్టాడు. గీత మీదికి సరిగ్గా వచ్చింది. నాకు పోసిన నాజిల్‌తోనే పట్టమన్నాను. అప్పుడు ఆ పంపులో ఏదో లోపం ఉందని, మెకానిక్ రావాలని చెప్పి దాని ముందు తాడు కట్టేశాడు.

ఎండ ఎక్కుతోంది. మా ఆవిడ రెండుసార్లు కారు దిగి వచ్చి, 'పోనీయండి, అత్తయ్యకు మాత్ర వేసుకునే టైమైంది' అంది. ఆమె చెప్పింది నిజమే, నాకూ టెన్షన్‌గానే ఉంది. ఆ మాట విని గొర్రెలు తోలుకొచ్చిన మినీ లారీ డ్రైవరు ఒకాయన, 'ఈడ నాకు ఎప్పుడూ తక్కువే వస్తది సార్, అడిగేవాళ్లు లేరు' అన్నాడు. ఆయన రోజూ పోయించుకునేవాడు. నాకు పోయింది 187 రూపాయలు, ఆయనకు నెలకు ఎంత పోతుందో. అందుకే కదల్లేదు. బిల్లు, పంపు నంబరు, తాడు కట్టిన పంపు ఫొటో తీసుకున్నాను. మేనేజరు రెండొందల నోటు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. బావమరిది నా పక్కనే నిలబడి అతని మాటలన్నీ ఫోనులో రికార్డు చేశాడు. కారెక్కాక 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు అతనే డయల్ చేసి ఇచ్చాడు.

ఒంగోలులో భోజనం, కొత్తపట్నం బీచిలో ఓ గంట, తర్వాత 16వ నంబరు హైవే. అక్కడ కావాలనే వంద మీద పోయాను, తెర మీద అంకె కళ్ల ముందే దిగిపోయింది. ఆ వేగంలో ఎదురుగాలి అడ్డు ఎక్కువ, ఇంజినుకు విశ్రాంతి ఉండదు, బ్రేకు వేసే అవసరం లేదు కాబట్టి బ్యాటరీకి తిరిగొచ్చేదీ లేదు. హైవే మీదే తిరిగేవాళ్లు హైబ్రిడ్‌కు అదనంగా పెట్టే డబ్బు గురించి రెండుసార్లు ఆలోచించండి. అక్కడ బావమరిది మాటలో నిజముంది. ఎనభై, ఎనభై ఐదు మీద పోగలిగితే రెండు, మూడు కిలోమీటర్లు మిగులుతాయి.

నెల్లూరులో మా వీధి చివరి బంకులో మళ్లీ ఫుల్ చేయించాను. 228 కిలోమీటర్లు, తెర మీద 21.3, పట్టింది 11.3 లీటర్లు, అసలు మైలేజీ 20.2. తేడా మళ్లీ అదే ఐదు శాతం. ఆ దారి బంకు లెక్కే నిజమైతే ఊళ్ల రోడ్లలో నాకు 21.6 వచ్చినట్టు, మా కారు తెర ఆ ఒక్క ప్రయాణంలో పదహారు శాతం అబద్ధం చెప్పినట్టు. మిగతా 41 సార్లలో ఎన్నడూ లేని తేడా అది.

ఫిర్యాదు నంబరు వచ్చింది. తూనికలు, కొలతల శాఖకు బిల్లు, ఫొటోలు, నోట్‌బుక్ పేజీల నకళ్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. తనిఖీ చేస్తామని ఫోను చేసి చెప్పారు.

అమ్మ మాత్రం బంకు సంగతి అప్పుడే మర్చిపోయింది. భైరవకోనకు మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తావని రోజూ అడుగుతోంది. పామూరు ఆవిడ నంబరు మా ఆవిడ దగ్గర ఉంది. కందికాయ ఇంకో రెండు వారాలే ఉంటుందట, ఆలోపు వచ్చేట్టయితే ముందురోజు చెప్పమంది.