అంబాసిడర్ కరెంటు పని: ఏళ్ల తరబడి వాడినాక నా సమీక్ష

పాత పెట్రోల్ అంబాసిడర్ వైరింగు మీద నా తీర్పు ముందే చెప్పేస్తా. కంపెనీ వేసిన వైరింగు మంచిది. దాని మీద తర్వాత అతికించిన తీగలే చెడ్డవి. ఇది 1489 సీసీ ఇంజను, డైనమో (బ్యాటరీని చార్జి చేసేది), పాయింట్లు (ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించడానికి తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) ఉన్న మార్క్ 2, మార్క్ 3 బండ్ల గురించి. ఐసుజు ఇంజను వచ్చిన తర్వాతి బండ్ల లెక్క వేరు. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ రోడ్ల మీద తిరిగే బండికి మే నెల ఎండ, దుమ్ము, వరి పొలాల ఎలుకలు కలిసి ఏం చేస్తాయో ఆ లెక్కలోనే రాస్తున్నా.

ఈ బండిలో కరెంటు సమస్య వస్తే మొదట జరిగేది సామాను మార్చుడు. కాయిల్ మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు, సెల్ఫ్ విప్పి బుష్‌లు వేస్తారు. పది రోజులకు కథ మళ్లీ మొదటికే. తప్పు సామానులో తక్కువ, అతుకుల్లో ఎక్కువ. ఒక లగ్గు (తీగ చివరి లోహపు కొన) కింద తుప్పు పట్టి 0.1 ఓం అడ్డు పడిందనుకోండి, 10 ఆంపియర్లు తాగే హెడ్‌లైట్లకు అక్కడే 1 వోల్టు పోతుంది. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతుంది, దానికి 0.01 ఓం అడ్డు చాలు, 1.5 వోల్టులు మాయం. అంత చిన్న ఓంలను మామూలు మీటరు చూపించలేదు. అందుకే ఓంలు కొలవకండి, పని జరుగుతున్నప్పుడు ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవండి.

దీనికి కావాల్సినవి రెండే. 20 వోల్టుల డీసీ రేంజి ఉన్న మామూలు మల్టీమీటరు ఒకటి. 21 వాట్ల బ్రేక్ లైటు బల్బుకు రెండు తీగలు టంకం పెట్టి చేసుకున్న టెస్ట్ ల్యాంపు ఇంకొకటి. మీటరు ఒక్కటే ఉంటే మోసపోతారు. లోపల ఒకే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటరులో 12 వోల్టులు చూపిస్తుంది. 21 వాట్ల బల్బు పెట్టండి, ఆ తీగ అసలు రంగు బయటపడుతుంది. బల్బు మినుకుమంటే తీగ చచ్చినట్టే. ఎలక్ట్రానిక్ కిట్లు, కొత్త స్టీరియోలు ఉన్న తీగల మీద మాత్రం ఈ ల్యాంపు పెట్టొద్దు.

మొదట చూడాల్సింది ఎర్తింగు. సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయే బండ్లలో సగం పైగా ఇక్కడే తేలుతాయి. డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్న తీగ విప్పండి, ఇంజను స్టార్ట్ కాకుండా సెల్ఫ్ మాత్రమే తిరగాలి. మీటరు ఒక కాలు బ్యాటరీ ఎర్త్ స్తంభం మీదే పెట్టండి, క్లాంపు మీద కాదు. రెండో కాలు ఇంజను బ్లాకు మీద రంగు లేని చోట. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టుల లోపు వస్తే బాగున్నట్టు. అర వోల్టు దాటితే కాళ్లు జరుపుతూ పోవాలి: స్తంభం నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి బాడీకి, బాడీ నుంచి బ్లాకుకు. వోల్టులు ఎక్కడ దుముకుతాయో దొంగ అక్కడే. అదే పద్ధతిలో సొలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) రెండు పెద్ద బోల్టుల మధ్య కూడా కొలవండి. అక్కడ 0.2 దాటితే లోపల కాంటాక్టులు కాలిపోయాయి.

ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకీ ఇంజనుకూ మధ్య అల్లిక పట్టీ తప్పనిసరి. అది తెగితే సెల్ఫ్ కరెంటు చోక్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ కేబుల్ వేడెక్కినా, పొగ వచ్చినా ఇంకేం వెతకొద్దు, నేరుగా ఆ పట్టీ చూడండి. కొత్తది వేసేటప్పుడు రెండు చివర్లా రంగు, గ్రీసు మెరిసే దాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వాసెలిన్ పూయాలి. ముందు వాసెలిన్ పూసి తర్వాత బిగించేవాళ్లున్నారు, అది తప్పు. బ్యాటరీ కేబుళ్లు 25 చదరపు మిల్లీమీటర్లకు తగ్గొద్దు. బజారులో లావుగా కనిపించే కేబుళ్లలో చాలావాటికి పైన ప్లాస్టిక్కే లావు, లోపల రాగి తక్కువ. చివర కోసి చూపించమనండి.

తర్వాత డైనమో. ఇది ముద్దుగా చూసుకుంటే చాలా ఏళ్లు వస్తుంది, కానీ దాని హద్దు తెలియాలి. లూకాస్ సీ40 రకం డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. స్లోలో దాదాపు ఏమీ ఇవ్వదు. అందుకే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎర్ర లైటు సన్నగా వెలిగితే కంగారు పడకండి. రేసు పెంచినా ఆరకపోతేనే సమస్య.

పరీక్ష ఇది. ముందు ఫ్యాన్ బెల్టు చూడండి, పొడవైన వైపు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. తర్వాత డైనమో మీద డి (కరెంటు బయటికి వచ్చేది), ఎఫ్ (ఫీల్డ్) తీగలు రెండూ విప్పండి. ఆ రెండు టెర్మినళ్లను చిన్న తీగతో కలిపి, మీటరు ఒక కాలు దానికీ రెండోది డైనమో బాడీకీ పెట్టండి. ఇంజను స్టార్ట్ చేసి మెల్లగా రేసు పెంచండి. 1,000 ఆర్‌పీఎం దగ్గరికి వచ్చేసరికి వోల్టులు ఊగకుండా గబగబా ఎక్కుతుంటే డైనమో బాగున్నట్టే, 20 దాటనివ్వకండి. అసలేమీ రాకపోతే బ్రష్షులు చూడాలి. 1 వోల్టు దగ్గర ఆగిపోతే ఫీల్డ్ వైండింగు, 4-5 దగ్గర ఆగిపోతే ఆర్మేచర్. ఈ ఒక్క పరీక్షతో డైనమో విప్పాలా వద్దా తేలిపోతుంది. ఇది చేయకుండా 'డైనమో పోయింది' అన్నవాళ్ల మాట నమ్మొద్దు.

బ్రష్షులు మార్చేటప్పుడు కమ్యుటేటర్‌ను, అంటే బ్రష్షులు రాసుకునే రాగి పట్టీల భాగాన్ని, పెట్రోలు గుడ్డతో తుడవండి. గీతలుంటే సన్న గాజు కాగితం వాడండి, ఎమరీ కాగితం వద్దు, దాని పొడి రాగి పట్టీల సందుల్లో ఇరుక్కుంటుంది. వెనుక బుష్‌కు నూనె రంధ్రం ఉంటుంది. సర్వీసు చేసినప్పుడల్లా రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ చాలు. ఎక్కువ పోస్తే అది కమ్యుటేటర్ మీదికి చేరి కొత్త సమస్య తెస్తుంది.

డైనమో బాగుండీ చార్జింగు లేకపోతే చార్జింగును అదుపు చేసే రెగ్యులేటర్ డబ్బా చూడాలి. టెర్మినళ్లు ఎ, ఎ1, ఎఫ్, డి, ఇ. చాలాసార్లు ఇ తీగ, అంటే డబ్బా ఎర్త్, వదులై ఉంటుంది. అది వదులైతే రెగ్యులేటర్ అదుపు తప్పి బ్యాటరీ నీళ్లు మరిగిస్తుంది. సెట్టింగు చూడాలంటే ఎ, ఎ1 తీగలు విప్పి రెండూ ఒకదానికొకటి కలిపి టేపు చుట్టండి, లేకపోతే ఇంజనుకు కరెంటు అందదు. డి, ఇ మధ్య మీటరు పెట్టి రేసు మెల్లగా పెంచితే ముల్లు ఒకచోట నిలబడుతుంది, అది 16 వోల్టులకు అటూ ఇటూగా ఉండాలి. దీనికి ముల్లు మీటరే మేలు, డిజిటల్ అంకెలు గంతులేస్తాయి. అర నిమిషంలో ముగించండి, లోపలి కాయిల్ వేడెక్కితే రీడింగు మారుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చేయడమే మంచిది. మే నెల మధ్యాహ్నం బానెట్ కింద తిప్పిన స్క్రూ మళ్లీ చలికాలంలో తిప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు లోడు లెక్క. కాయిల్‌కు 3-4 ఆంపియర్లు, 60/55 వాట్ల హాలోజన్ బల్బులు రెండింటికీ 10, పార్కింగు, టెయిల్ లైట్లకు 2, వైపర్‌కు 3-4. అంటే రాత్రి వానలో 18-20 ఆంపియర్లు, హద్దుకు ఆనుకునే ఉంది. అదే 100/90 బల్బులు వేస్తే హై బీమ్‌కే 17 పోతాయి, బ్యాటరీ లోటు పూడుస్తూ మెల్లగా నీరసిస్తుంది. దేవరకొండ వైపు చీకటి రోడ్లకు వెలుగు చాలట్లేదని చాలామంది ఈ బల్బులే వేస్తారు. వెలుగు పెరగదు, స్విచ్చు కాలుతుంది.

ఎందుకు పెరగదంటే, ఈ బండిలో హెడ్‌లైటు కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండా, తర్వాత కాలి కింది డిప్పర్ స్విచ్చు గుండా, తర్వాత పాత తీగల గుండా పోవాలి. బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే బల్బు దగ్గర 10.8 రావడం మామూలే. ఆ 1.6 వోల్టుల తేడాకు వెలుగులో మూడో వంతు పైగా పోతుంది. దీనికి రిలేలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) మందు. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, 30 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలేలు. 30వ నంబరు కాలికి బ్యాటరీ ఎర్త్ కాని స్తంభం నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు. 87 నుంచి బల్బులకు. 86కు పాత హెడ్‌లైటు తీగ, 85 ఎర్త్‌కు. బల్బు ఎర్త్ కూడా విడిగా తెచ్చి బాడీకి బిగించండి, ఎందుకంటే నష్టంలో సగం ఆ వైపే ఉంటుంది. పాత బండ్ల ఫ్యూజు డబ్బాలో రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకు ఫ్యూజే లేదు, కాబట్టి ఇది భద్రతకూ మంచిదే. ఈ బండికి చేయదగ్గ మార్పుల్లో ఒక్కటే చెప్పమంటే నేను దీన్నే చెప్తా.

ఆల్టర్నేటర్ వేయాలా? రాత్రిపూట ఎక్కువ తిరిగితే వేయండి, ఆదివారం బండికి అక్కర్లేదు. వేస్తే పాత రెగ్యులేటర్ డబ్బా లెక్కలోంచి తీసేయాలి, చార్జింగు తీగ 6 చదరపు మిల్లీమీటర్లది కొత్తగా లాగాలి, పుల్లీ వెడల్పు, వరస సరిపోవాలి. 30 ఆంపియర్ల పాత అమ్మీటరు గుండా ఆ కరెంటు పోనివ్వొద్దు. అన్నిటికంటే ముందు, మీ బండి పాజిటివ్ ఎర్తా నెగటివ్ ఎర్తా చూసుకోండి. లూకాస్ కాలపు బండ్లలో పాజిటివ్ ఎర్త్‌వీ ఉన్నాయి. ఉల్టా కలిపితే డయోడ్లు క్షణంలో పోతాయి. బండి నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి 'చార్జింగు చూసే' అలవాటు కూడా మానుకోవాలి.

వేడికి ఇంజను ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడిచే జబ్బు. ఎండాకాలంలో దీనికి అందరూ పెట్రోలు ఆవిరి కట్టిందనే అంటారు. కొన్నిసార్లు నిజమే. కానీ ఆగిన వెంటనే ప్లగ్గు వైరు తీసి నిప్పురవ్వ చూడండి. నీలంగా, గట్టిగా వస్తే పెట్రోలు వైపు పొండి. పసుపుగా సన్నగా వస్తే ముందు కండెన్సర్ (పాయింట్లకు కలిపి ఉండే చిన్న డబ్బా), ఆ తర్వాత కాయిల్. కండెన్సర్ 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్‌ల మధ్య ఉండాలి, కానీ చల్లగా ఉన్నప్పుడు మీటరులో బాగున్నది వేడికి పోవచ్చు, అందుకే మంచిదని తేలిన పాత కండెన్సర్ ఒకటి డిక్కీలో పెట్టుకోవడమే దారి. ఈ మధ్య కొత్త డబ్బాల్లో వచ్చేవాటికంటే పాతవే నమ్మకంగా ఉంటున్నాయి. కాయిల్ ప్రైమరీ 3 ఓంలకు కాస్త పైన ఉండాలి. 1.5 ఓంలు చూపిస్తే అది బల్లాస్ట్ రెసిస్టర్‌తో (కరెంటు తగ్గించే విడి అడ్డుతో) వాడాల్సిన కాయిల్, నేరుగా వేస్తే వేడెక్కి పాయింట్లనూ కాలుస్తుంది.

ఎవరూ చూడని చోటు ఇంకొకటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకు పోయే చిన్న మెత్తని తీగ. వాక్యూమ్ అడ్వాన్స్‌తో పాటు బేస్ ప్లేటు కదిలినప్పుడల్లా అదీ కదులుతుంది. పైన గుడ్డ తొడుగు బాగానే ఉంటుంది, లోపల పోగులు తెగిపోయి ఉంటాయి. బండి స్లోలో బాగుండి, యాక్సిలరేటర్ తొక్కగానే తడబడితే దాన్ని లాగి చూడండి. రబ్బరులా సాగితే తెగినట్టే. బేస్ ప్లేటు ఎర్త్ తీగ కూడా అంతే. పాయింట్ల గ్యాపు 0.014-0.016 అంగుళం, ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే, అన్నీ ఆపి, ఎర్త్ కేబుల్ విప్పి, కేబుల్‌కూ స్తంభానికీ మధ్య 10 ఆంపియర్ల రేంజిలో మీటరు పెట్టండి. సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. స్టీరియో లేని బండిలో సున్నా రావాలి. స్టీరియో ఉంటే 20-30 మిల్లీ ఆంపియర్లు పర్వాలేదు. ఎక్కువుంటే ఫ్యూజులు, తర్వాత రెగ్యులేటర్ తీగలు ఒక్కొక్కటే విప్పుతూ పోవాలి. రెగ్యులేటర్ డబ్బాలో డైనమోను బ్యాటరీ నుంచి విడదీసే కటౌట్ పాయింట్లు అతుక్కుపోతే మాత్రం మీటరు పెట్టొద్దు, కరెంటు వెనక్కి డైనమోలోకి పెద్దగా పారుతుంది. ఇంజను ఆపినాక డబ్బా వేడిగా ఉంటే వెంటనే బ్యాటరీ తీసేయండి.

ఫ్యూజు పదే పదే పోతుంటే కొత్త ఫ్యూజులు తగలేయకుండా, ఫ్యూజు స్థానంలో 55 వాట్ల హెడ్‌లైటు బల్బు కలపండి. షార్టు ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది. తీగల కట్టను ఒక్కొక్క చోటా కదుపుతూ పొండి, ఎక్కడ కదిపితే బల్బు డల్ అవుతుందో షార్టు అక్కడే. ఎక్కువసార్లు అది ఇంజను గదికీ డ్యాష్‌బోర్డుకూ మధ్య రేకు రంధ్రం. అక్కడి రబ్బరు గ్రోమెట్ మా ఎండలకు గట్టిపడి పగిలిపోతుంది, రేకు అంచు తీగను కోస్తుంది. రెండో చోటు డిక్కీ మూత కీలు దగ్గర. కాలువ కింద వరి ఉన్న ఊళ్లలో మూడో చోటు ఎలుక పళ్లు.

తీగలు మార్చాల్సి వస్తే రంగులు మార్చకండి. లూకాస్ పద్ధతిలో గోధుమ రంగు నేరుగా బ్యాటరీది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటాక వచ్చేది, నలుపు ఎర్త్. నీలం మీద తెలుపు చార హై బీమ్, నీలం మీద ఎరుపు లో బీమ్. అంతా ఎర్ర తీగతో రీవైరింగు చేసిన బండి మీ చేతికొస్తే, తీగలకు చీటీలు కట్టి కాగితం మీద గీసుకున్నాకే ముట్టుకోండి. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, ఎండకు జిగురు కరిగి టేపు ఊడుతుంది. లగ్గు నొక్కి, హీట్ స్లీవ్ వేయండి. పాత సామాను హైదరాబాద్ పుత్లీబౌలీ, సికింద్రాబాద్ రాణీగంజ్‌లలో ఇంకా దొరుకుతుంది, రెగ్యులేటర్ డబ్బా కొంటే మూత విప్పి పాయింట్లు కాలి ఉన్నాయేమో అక్కడే చూసుకోండి.

ఇండికేటర్ల గురించి రెండు ముక్కలు. పాత ఫ్లాషర్ (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే డబ్బా) 21 వాట్ల బల్బులు లాగే కరెంటుకు తన లోపల పుట్టే వేడి మీదే పనిచేస్తుంది. ఎల్‌ఈడీలు వేస్తే చప్పుడు లేకుండా నిలబడిపోతుంది, లేదా పిచ్చిగా కొట్టుకుంటుంది. ఎల్‌ఈడీలే కావాలనుకుంటే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కూడా మార్చండి. అందులో మూడు కాళ్ల రకానికి ఎర్త్ విడిగా ఇవ్వాలి. బల్బులు మామూలువే ఉండి ఒక వైపు మాత్రమే తేడాగా కొడుతుంటే ఫ్లాషర్ ముట్టుకోకండి, ఆ వైపు వెనుక హోల్డర్ తుప్పు గీకండి.