గాజుకు అవతల ట్యూనా, చేతిలో గుడ్డట్టు

తెల్లవారుజామున నాలుగున్నరకి టోక్యోలో, షింబాషి దగ్గర హోటల్ గుమ్మంలో నిలబడి ట్యాక్సీ కోసం చూస్తుంటే మా ఆవిడ అంది, "చేపల వేలం మన కాకినాడ కుంభాభిషేకం రేవులో చూడలేదాండీ? దానికి ఇంత దూరం రావాలా?" కాకినాడ వాళ్ళకి ఆ మాట అనే హక్కుంది.

ట్యాక్సీ ఎందుకంటే, టొయొసు చేపల మార్కెట్‌కి వెళ్ళే యురికమొమె రైలు ఆరింటికి గానీ బయలుదేరదు. ట్యూనా వేలమేమో ఐదున్నరకే మొదలు. హోటల్ శుభ్రంగానే ఉంది గానీ గది మరీ ఇరుకు. ఒక పెట్టె తెరిస్తే రెండోది మంచం ఎక్కాల్సిందే. పైగా టిఫిను ఆరున్నర దాకా పెట్టరు. వేలమే ముఖ్యమనుకుంటే టొయొసు వైపే బస చూసుకోండి, నడిచి వెళ్ళిపోవచ్చు.

వేలాన్ని దగ్గర్నుంచి చూసే అరుగుకి నెల ముందే దరఖాస్తు పెట్టాలి, లాటరీ తీస్తారు. మాకు తగల్లేదు. పై అంతస్తు నడవాలోంచి గాజు వెనక నిలబడి ఎవరైనా చూడొచ్చు. ఆకుపచ్చ నేల మీద, మంచు పట్టిన ట్యూనాలు తోకలు తెగి బారులు తీరి ఉన్నాయి. రబ్బరు బూట్ల పెద్దాయన ఒకాయన తోక కోసిన చోట టార్చి వేసి చూసి, చిటికెడు కండ తీసి వేళ్ళ మధ్య నలిపి, ఏమీ అనకుండా పక్క చేపకి వెళ్ళిపోయాడు. కాసేపటికి వేలం పాడేవాడు గంట ఊపాడు. చేతులు లేచాయి, వేళ్ళు ఆడాయి, చేపలు అమ్ముడైపోయాయి. గాజు వల్ల మాకు మాత్రం అంతా మూకీ సినిమాయే.

ఈ గాజు ఊరికే రాలేదు. 1935 నుంచి నడిచిన పాత త్సుకిజి మార్కెట్లో చేపల దగ్గరికే వెళ్ళనిచ్చేవారు. జనం ఫ్లాషులు కొట్టి, చేపల్ని తాకి, మోటారు బళ్ళకి అడ్డం పడి విసిగించారు. 2008 డిసెంబరులో కొన్నాళ్ళు సందర్శకుల్నే ఆపేశారు. 2018 అక్టోబరులో టోకు మార్కెట్ టొయొసుకి మారాక ఇదీ వరస. కోపం రాలేదు గానీ, రేవులో మోకాలి దాకా నీళ్ళలో నిలబడి బేరం విన్న చెవులకి వెలితిగా ఉంది.

అందుకే నా ఓటు త్సుకిజికే. టోకు మార్కెట్ పోయినా, దాని బయట ఉండే చిన్న కొట్ల బజారు అక్కడే ఉంది. మేం తొమ్మిది దాటాక వెళ్ళాం. అంతకుముందంతా హోటళ్ళ వంటవాళ్ళు సరుకు కొనుక్కునే వేళ. మధ్యాహ్నం రెండయ్యేసరికి చాలా కొట్లు కట్టేస్తారు. ఆదివారాలు, చాలా బుధవారాలు రెండు చోట్లా సెలవు. క్యాలెండరు చూసుకోకుండా బయలుదేరకండి.

ఇక్కడ గాజు లేదు, కాబట్టి మర్యాద మన చేతిలోనే ఉంటుంది. పుల్లకి గుచ్చిన వేడి గుడ్డట్టు, తమగొయాకి, 150 యెన్లకి కొని, మనూళ్ళో మిరపకాయ బజ్జీ తిన్నట్టు తింటూ నడిచేశాను. నాలుగడుగులు వేశానో లేదో, కొట్టులోని పెద్దావిడ వెనకనుంచి పిలిచి, నవ్వుతూనే అరచెయ్యి చాచి తన కొట్టు ముందున్న జాగా చూపించింది. అక్కడే నిలబడి తినాలి, పుల్ల ఆవిడకే తిరిగివ్వాలి. సందులో చెత్తబుట్టలు వెతుక్కున్నా దొరకవు. డబ్బులు చేతికి ఇవ్వబోతే చిన్న పళ్ళెం ముందుకి జరిపింది. బేరం ఊసే లేదు. చేపల బజారులో బేరమాడకుండా కొనడం మా వంశంలో నాతోనే మొదలు.

మా ఆవిడ గుడ్డు తింటుంది, చేప ముట్టదు. శాకాహారం వాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి: ఆ అట్టులో దషి అనే చేప రసం కలుపుతారు. ఫోన్లో అనువాదం చేసి అడిగితే, కొట్టు కుర్రాడు అబద్ధమాడి అమ్ముకోలేదు. తినకూడదన్నట్టు రెండు చేతులూ అడ్డంగా పెట్టి గుణకారం గుర్తు చూపించాడు. చివరికి మా ఆవిడ కడుపు నింపింది ఊరబెట్టిన ఉమె అనే పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద. నేను మాత్రం పక్క సందులో ట్యూనా గిన్నె లాగించాను. టొయొసులో సుషీ కోసం ఆ క్యూల్లో నిలబడనందుకు బాధ లేదు.

బజారు చివర నమియొకె గుడి ఉంది. మనుషులు తిన్న వాటికి కృతజ్ఞతగా అక్కడ రాళ్ళు నిలబెట్టారు: సుషీకి ఒకటి, రొయ్యకి ఒకటి, గుడ్డుకి ఒకటి. నేను రొయ్య రాయికి దణ్ణం పెట్టి తిరిగి చూస్తే, మా ఆవిడ ఇంకా గుడ్డు రాయి దగ్గరే నిలబడి ఉంది.